ఒకే కోడ్‌తో రెండు ఫోన్లకు యాప్: ఫ్లట్టర్, రియాక్ట్ నేటివ్, కోట్లిన్ మల్టీప్లాట్‌ఫామ్‌లలో మీకు ఏది?

ఒక డెయిరీకి మేం మొదట రెండు యాప్‌లు విడివిడిగా రాశాం. ఆండ్రాయిడ్‌కు కోట్లిన్ భాషలో ఒకరు, ఐఫోన్‌కు స్విఫ్ట్ భాషలో ఇంకొకరు. పాల కేంద్రంలో కూర్చునే మనిషి ఆండ్రాయిడ్ ఫోన్‌లో లీటర్లు, వెన్న శాతం ఎక్కిస్తాడు. యజమాని తన ఐఫోన్‌లో అదే లెక్క చూసుకుంటాడు. మొదటి పది రోజుల బిల్లు రోజునే పేచీ వచ్చింది. రైతు చీటీలో ఒక మొత్తం, యజమాని ఫోన్‌లో ఇంకో మొత్తం.

సులువుగా అర్థమయ్యే అంకెల్లో చెప్తాను. పూటకు 4.3 లీటర్లు, లీటరు 38 రూపాయల 45 పైసలు అనుకోండి. పూటకు 165 రూపాయల 33 పైసల పైన కొంచెం వస్తుంది. ఆండ్రాయిడ్ యాప్ ప్రతి పూటా చిల్లర సవరించి 165 చేసి, ఇరవై పూటలు కూడితే 3,300. ఐఫోన్ యాప్ ఇరవై పూటలూ పైసలతో సహా కూడి, చివర్లో ఒక్కసారి సవరిస్తే 3,307. రాసినవాళ్లిద్దరూ జాగ్రత్తగానే రాశారు. కానీ ఎప్పుడు సవరించాలో ఎవరికి తోచినట్టు వాళ్లు అనుకున్నారు. ఏడు రూపాయలే కదా అని ఆఫీసులో కూర్చున్నవాళ్లకు అనిపించవచ్చు. కేంద్రం ముందు చీటీ పట్టుకుని నిలబడ్డ మనిషికి అలా అనిపించదు, అనిపించకూడదు కూడా.

ఒకే కోడ్‌బేస్ అంటే సగం ఖర్చు, సగం సమయం అని చాలామంది లెక్క వేస్తారు. సగం కాదు. పరీక్షలు రెండు ఫోన్లలోనూ చేయాలి, రెండు స్టోర్లకూ పంపాలి, రెండు కంపెనీల నిబంధనలూ చదవాలి. నాకు అసలు లాభం వేరే చోట కనిపించింది: డబ్బుకు, తూకానికి, తేదీకి సంబంధించిన నియమం ఒక్కచోటే ఉంటుంది. అది మారితే ఒక్కచోటే మారుతుంది. అందుకే ఏ పనిముట్టు గొప్పది అని అడిగేముందు ఇంకో ప్రశ్న వేసుకోమంటాను. మీ యాప్‌లో రెండు ఫోన్లకూ ఉమ్మడిగా ఉండాల్సింది ఏది? లెక్క మాత్రమేనా, తెర కూడానా? ఇప్పుడున్న మూడు ప్రధాన దారులూ ఈ ప్రశ్న దగ్గరే విడిపోతాయి.

తెరను తానే గీసుకునే ఫ్లట్టర్

గూగుల్ ఫ్లట్టర్ 1.0ను 2018 డిసెంబర్‌లో విడుదల చేసింది. భాష డార్ట్. దీని పద్ధతి సూటిగా ఉంటుంది: ఫోన్ ఇచ్చే బటన్లు, జాబితాలు వాడదు. ఖాళీ పలక ఒకటి తీసుకుని, ప్రతి గీత, ప్రతి అక్షరం తానే గీస్తుంది. కాబట్టి ఒక ఫోన్‌లో ఎలా కనిపించిందో రెండో ఫోన్‌లో దాదాపు అచ్చంగా అలాగే కనిపిస్తుంది. చిన్న టీమ్‌కు ఇది పెద్ద ఊరట. ఒకరే డిజైన్ చేసి, ఒకరే రాసి, ఒకసారి చూసుకుంటే చాలావరకు పని అయిపోతుంది. కోడ్ మార్చి సేవ్ చేయగానే ఫోన్‌లో మార్పు కనిపించే హాట్ రీలోడ్‌కు అలవాటు పడితే వెనక్కి వెళ్లబుద్ధి కాదు.

మొదట్లో ఐఫోన్లలో కొత్త యానిమేషన్ మొదటిసారి వచ్చినప్పుడు తెర ఒక్క క్షణం తడబడేది. దానికోసమే ఇంపెల్లర్ అనే కొత్త చిత్రణ ఇంజిన్ తెచ్చారు. 2023లో వచ్చిన 3.10 నుంచి ఐఫోన్లలో అదే డిఫాల్ట్. ఆండ్రాయిడ్‌లో 2024 డిసెంబర్ నాటి 3.27 నుంచి, ఆండ్రాయిడ్ 10, ఆపై ఫోన్లలో అది డిఫాల్ట్ అయింది. మీ వాడుకరుల చేతుల్లో అంతకంటే పాత ఫోన్లు ఉంటే, అలాంటి ఫోన్ ఒకటి కొని పెట్టుకుని దాంట్లోనే చూడండి.

తానే గీసుకోవడంలో నష్టం కూడా ఉంది. 2025లో ఆపిల్ ఐఓఎస్ 26తో లిక్విడ్ గ్లాస్ అని రూపమంతా మార్చింది. ఫోన్ సొంత బటన్లు వాడే యాప్‌లు ఆపిల్ యాప్ తయారీ పనిముట్టు ఎక్స్‌కోడ్ కొత్త వెర్షన్‌తో మళ్లీ కట్టుకుంటే చాలావరకు ఆ రూపు వాటికి వచ్చేస్తుంది. ఫ్లట్టర్ యాప్‌కు దానంతట అది రాదు, ఎవరో ఒకరు ఆ రూపాన్ని మళ్లీ గీయాలి. పాల కేంద్రం యాప్‌కు ఇది అసలు పట్టింపే కాదు. ఐఫోన్ వాడుకరులే ప్రాణంగా ఉన్న యాప్‌కు మాత్రం పట్టింపే. తెర చదివి వినిపించే టాక్‌బ్యాక్, వాయిస్‌ఓవర్ విషయంలోనూ అంతే. ఫ్లట్టర్ తన తెరకు అర్థం చెప్పే సమాచారాన్ని విడిగా తయారు చేసి ఫోన్‌కు అందిస్తుంది. మామూలు బటన్లకు అదే చూసుకుంటుంది. మీరు సొంతంగా గీసిన వాటికి ఆ వివరం మీరే రాయాలి. చూపు లేనివారు వాడలేని యాప్‌ను పూర్తయిన యాప్ అని నేను ఒప్పుకోను, కాబట్టి ఆ పనికి కూడా రోజులు లెక్కవేసుకోండి.

2024లో గూగుల్ ఫ్లట్టర్ టీమ్‌లో కొందరిని తీసేసినప్పుడు చాలామంది భయపడ్డారు. ఆ తర్వాత కూడా వెర్షన్లు వస్తూనే ఉన్నాయి. కానీ ఆ భయాన్ని కొట్టిపారేయను. ఒక కంపెనీ నిర్ణయం మీద మన యాప్ ఆధారపడుతోందని తెలిసే ఇందులో దిగాలి.

ఫోన్ సొంత తెరలనే వాడుకునే రియాక్ట్ నేటివ్

ఫేస్‌బుక్ 2015లో దీన్ని ఓపెన్ సోర్స్ చేసింది. మీరు జావాస్క్రిప్ట్‌లోనో టైప్‌స్క్రిప్ట్‌లోనో రాస్తారు. తెర మీద కనిపించేవి మాత్రం ఆండ్రాయిడ్, ఐఓఎస్‌ల సొంత భాగాలే. వెబ్‌లో రియాక్ట్ తెలిసినవారు మన దగ్గర చాలామందే ఉన్నారు. అలాంటివారు ఇద్దరు మీ టీమ్‌లో ఉంటే, కొత్త భాష నేర్చుకోకుండా వారంలో పని మొదలుపెట్టగలరు.

దీని మీద పాత ఫిర్యాదు ఒకటి ఇప్పటికీ వినిపిస్తుంది: నెమ్మది అని. ఒకప్పుడు జావాస్క్రిప్ట్‌కూ ఫోన్‌కూ మధ్య బ్రిడ్జ్ ఉండేది. ప్రతి మాటనూ మూటగట్టి అవతలికి పంపి, జవాబు కోసం ఆగాలి. వేగంగా జరిపే పొడవాటి జాబితాల్లో ఆ ఆలస్యం కంటికి తెలిసేది. ఎయిర్‌బీఎన్‌బీ 2018లో రియాక్ట్ నేటివ్‌ను వదిలేస్తున్నట్టు ప్రకటించింది కూడా ఆ కాలంలోనే. ఇప్పుడు ఆ బ్రిడ్జ్ స్థానంలో నేరుగా పిలిచే ఏర్పాటు వచ్చింది. 2024 అక్టోబర్ నాటి 0.76 వెర్షన్ నుంచి కొత్త ఆర్కిటెక్చరే డిఫాల్ట్. కాబట్టి 2018 నాటి అనుభవాలు చదివి ఈనాటి నిర్ణయం తీసుకోకండి.

ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవారు, రియాక్ట్ నేటివ్ చుట్టూ కట్టిన పనిముట్ల సెట్టు అయిన ఎక్స్‌పోతో మొదలుపెట్టాలి. రియాక్ట్ నేటివ్ అధికారిక పత్రాలే ఇప్పుడు ఏదో ఒక ఫ్రేమ్‌వర్క్‌తో, అంటే ఎక్స్‌పో లాంటిదానితో, మొదలుపెట్టమని చెప్తున్నాయి. జావాస్క్రిప్ట్ భాగంలో తప్పు దొరికితే స్టోర్ సమీక్ష కోసం ఆగకుండా నేరుగా ఫోన్లకు సవరణ పంపగలగడం దీని పెద్ద బలం. యాప్ అసలు ఉద్దేశం మారనంతవరకు ఆపిల్ నిబంధనలు దీన్ని ఒప్పుకుంటాయి. ఇందుకోసం ఎన్నో టీమ్‌లు వాడిన మైక్రోసాఫ్ట్ యాప్ సెంటర్ 2025 మార్చి 31న మూతపడింది. అందులో ఇలా సవరణలు పంపే సేవ అయిన కోడ్‌పుష్ మీద ఆధారపడ్డ యాప్ ఎవరైనా మీకు అప్పగిస్తుంటే ముందే అడిగి తెలుసుకోండి. ఫ్లట్టర్‌లోనూ షోర్‌బర్డ్ అనే సేవతో ఇలాంటి సవరణలు పంపవచ్చు, అది ఫ్లట్టర్‌లో భాగం కాదు, విడి సంస్థది.

నన్ను ఇబ్బంది పెట్టేది లైబ్రరీల సంగతి, అంటే ఇతరులు రాసిపెట్టిన కోడ్ ముక్కల సంగతి. చిన్న పనికి కూడా వాటి గిడ్డంగి ఎన్‌పీఎమ్‌లో పది ప్యాకేజీలు దొరుకుతాయి, వాటిలో ఏడు ఎవరూ పట్టించుకోనివి. డబ్బు లెక్కల్లోనూ జాగ్రత్త: జావాస్క్రిప్ట్‌లో మామూలు అంకెలన్నీ ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యలే, చాలా దశాంశ విలువలను అవి కచ్చితంగా దాచుకోలేవు. రూపాయల్లో కాకుండా పైసల్లో, పూర్ణాంకాలుగా ఉంచుకోండి. డార్ట్‌లోనూ కోట్లిన్‌లోనూ పూర్ణాంకం విడి రకంగా ఉంటుంది, అయినా ఈ అలవాటు అక్కడా మంచిదే.

లెక్కను మాత్రమే పంచుకునే కోట్లిన్ మల్టీప్లాట్‌ఫామ్

మా డెయిరీ పేచీకి నేరుగా జవాబు ఇదే. కోట్లిన్ భాషను తయారు చేసిన జెట్‌బ్రెయిన్స్ 2023 నవంబర్‌లో దీన్ని స్థిరమైనదిగా ప్రకటించింది, 2024 మేలో గూగుల్ కూడా ఆండ్రాయిడ్ వైపు నుంచి మద్దతు ఇచ్చింది. డేటాబేస్, సర్వర్‌తో మాటలు, రేటు పట్టిక, చిల్లర సవరణ అన్నీ కోట్లిన్‌లో ఒక్కసారే రాస్తారు. తెర మాత్రం ఆయా ఫోన్ల సొంత పనిముట్లతో, ఆండ్రాయిడ్‌కు కంపోజ్‌లో, ఐఫోన్‌కు స్విఫ్ట్‌యూఐలో విడివిడిగా ఉంటుంది. తెర కూడా ఉమ్మడిగా కావాలంటే కంపోజ్ మల్టీప్లాట్‌ఫామ్ ఉంది, దాని ఐఓఎస్ భాగం 2025 మేలో స్థిరపడింది.

ఇప్పటికే కోట్లిన్‌లో పనిచేస్తున్న ఆండ్రాయిడ్ యాప్ ఉండి, దానికి ఐఫోన్ తోడు కావాలంటే నేను రెండో ఆలోచన లేకుండా దీన్నే చెప్తాను. ఉన్నదాన్ని పారేయక్కర్లేదు. ముందు లెక్కల భాగం ఒక్కటి ఉమ్మడి మాడ్యూల్‌లోకి తరలించి, అది కుదిరాక తర్వాతిది తరలించవచ్చు. ఐఫోన్ వైపు రాసేవారికి మాత్రం కొంత చిరాకు తప్పదు. కోట్లిన్‌లో రాసినది ఆపిల్ పాత భాష ఆబ్జెక్టివ్-సీ రూపం గుండా స్విఫ్ట్‌కు చేరుతుంది, ఆ దారిలో కొన్ని సౌకర్యాలు అరిగిపోతాయి. ఐఫోన్ కోసం కంపైల్ అవడానికి ఎక్కువ సమయం పడుతుంది. ఐఓఎస్ తెలిసిన మనిషి ఒక్కరు కూడా లేని టీమ్ దీని జోలికి పోవద్దు.

మిగతా దారులు రెండు మాటల్లో. మీరు ఇచ్చేది సమాచారమే అయితే, అంటే ధరల పట్టిక, కార్యక్రమాల వివరాలు, ఒక ఫారం, అప్పుడు మంచి వెబ్‌సైట్ చాలు. దాన్ని కెపాసిటర్ అనే పనిముట్టుతో యాప్‌గా చుట్టవచ్చు గానీ, వెబ్‌సైట్‌ను ఉన్నదున్నట్టు చుట్టి పంపితే కనీస పనితనం లేదని ఆపిల్ తిప్పి పంపగలదు. సీ షార్ప్ టీమ్‌లకు మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ మావీ ఉంది. దాని ముందు తరం జామరిన్‌కు మద్దతు 2024 మే 1తో ఆగిపోయింది, జామరిన్ యాప్ చేతిలో ఉన్నవారు ఇప్పటికే ఆలస్యం చేశారు.

తెలుగు అక్షరం దగ్గర

ఇంగ్లిష్‌లో రాసే పోలికల్లో ఈ విషయం ఉండదు, మనకు మాత్రం ఇది మొదటి పరీక్ష. "రాష్ట్రం" అన్న మాటను ఒక బటన్ మీద పెట్టి చూడండి. వత్తు కింద వత్తు దిగుతుంది. ఇంగ్లిష్ కోసం కొలిచిన ఎత్తులో పెడితే అడుగు వత్తు తెగిపోతుంది. రియాక్ట్ నేటివ్‌లో వరుస ఎత్తు బిగించి పెట్టినప్పుడు, ఫ్లట్టర్‌లో బటన్ ఎత్తు స్థిరంగా పెట్టినప్పుడు ఇదే జరుగుతుంది. వరుస ఎత్తు అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లకు తగ్గకుండా చూసుకోండి, బటన్ ఎత్తు దానంతట అది పెరిగేలా వదిలేయండి. ఫాంట్‌ను యాప్‌లోనే పెట్టి పంపండి. నోటో సాన్స్ తెలుగు గానీ మండలి గానీ ఉచితంగానే దొరుకుతాయి. అప్పుడు ఏ కంపెనీ ఫోన్‌లో అయినా అవే కొలతలు వస్తాయి.

ఇంకోటి, అక్షరాల లెక్క. "స్త్రీ" మనకు ఒక్క అక్షరం. జావాస్క్రిప్ట్, డార్ట్, కోట్లిన్ మూడూ మామూలుగా అడిగితే దాని పొడవు ఆరు అంటాయి. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. స్విఫ్ట్ వేరే పద్ధతిలో లెక్కపెడుతుంది, ఆరు అనదు. పేరు 20 అక్షరాలు దాటకూడదని విడివిడి యాప్‌లలో రాస్తే, ఒక ఫోన్‌లో పట్టిన పేరు ఇంకో ఫోన్‌లో పట్టదు. నియమం ఒక్కచోట ఉండాలని నేను పట్టుబట్టేది ఇలాంటి వాటికోసమే.

అక్షరాలను ఎవరు కూరుస్తారన్నదీ తెలిసి ఉండాలి. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" ఒక ప్రత్యేకమైన కూర్పులో సందేశంగా వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆపిల్ ఐఓఎస్ 11.2.6తో సరిచేసేదాకా యాప్ రాసినవాళ్ల చేతిలో ఏమీ లేదు. రియాక్ట్ నేటివ్‌లో తెలుగు ఫోన్ కూర్చినట్టే వస్తుంది. ఫ్లట్టర్ తనతో తెచ్చుకున్న ఇంజిన్‌తో కూర్చుకుంటుంది. నా అనుభవంలో రెండూ ఇప్పుడు తెలుగును బాగానే చూపిస్తున్నాయి.

ఏ పనిముట్టూ దాటించలేని చోట్లు

పాల కేంద్రంలో చీటీ ఇచ్చేది అరచేతిలో పట్టే బ్లూటూత్ ప్రింటర్. 58 మిల్లీమీటర్ల కాగితం, అడ్డంగా 384 చుక్కలు. అలాంటి చవక ప్రింటర్లలో తెలుగు అక్షరాలు ఉండవు, తెలుగు పంపితే పిచ్చి గుర్తులు అచ్చవుతాయి. దారి ఒక్కటే: చీటీ మొత్తాన్ని 384 చుక్కల వెడల్పు నలుపు తెలుపు బొమ్మగా గీసి, ఆ బొమ్మను పంపాలి. తెరను తానే గీసే ఫ్లట్టర్‌కు ఇది ఎడమచేతి పని, తెర మీద గీసినట్టే బొమ్మ మీదా గీస్తుంది. రియాక్ట్ నేటివ్‌లో దీనికోసం నేటివ్ కోడ్, అంటే ఆ ఫోన్ సొంత భాషలో కోడ్, రాయాల్సి వచ్చింది.

ఇదంతా ఆండ్రాయిడ్ మాట. ఆ ప్రింటర్లలో చాలావరకు పాత పద్ధతి బ్లూటూత్‌తో నడుస్తాయి. ఆపిల్ ధ్రువీకరించిన పరికరాలకు తప్ప ఆ పద్ధతిని ఐఫోన్ మామూలు యాప్‌లకు ఇవ్వదు. బ్లూటూత్ లో ఎనర్జీ ఉన్న ప్రింటర్ కొనాల్సిందే. ఏ ఫ్రేమ్‌వర్క్ ఎంచుకున్నా ఈ గోడ ఇలాగే ఉంటుంది.

యూపీఐ కూడా అలాంటిదే. ఆండ్రాయిడ్‌లో ఒక యూపీఐ లింకు తెరిస్తే, ఫోన్‌లో ఉన్న చెల్లింపు యాప్‌లన్నీ వరసగా వచ్చి ఏది కావాలో అడుగుతుంది. ఐఫోన్‌లో ఆ వరస రాదు. ఏయే యాప్‌లు ఉన్నాయో ఒక్కొక్కటిగా అడగాలి, అలా అడిగే పేర్లన్నీ యాప్ ఆకృతీకరణ ఫైలులో ముందే రాసి పంపాలి. జాబితా తెరను కూడా మీరే తయారు చేయాలి. డబ్బు అందిందో లేదో మాత్రం ఏ ఫోన్ మాటా నమ్మకుండా సర్వర్‌లోనే తేల్చుకోండి. ఓటీపీ, నోటిఫికేషన్లు, యాప్ మూసి ఉన్నప్పుడు జరిగే పనులు కూడా రెండు ఫోన్లలో రెండు రకాలు. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు బ్యాటరీ ఆదా పేరుతో యాప్‌ను నేపథ్యంలో చంపేస్తాయి కూడా.

ఖర్చు, ఏటేటా పని

గూగుల్ ప్లే ఖాతాకు ఒక్కసారి 25 డాలర్లు, ఆపిల్‌కు ఏటా 99 డాలర్లు. ఐఫోన్ యాప్ కట్టడానికి మ్యాక్ కావాలి. లేకపోతే ఎక్స్‌పో, కోడ్‌మ్యాజిక్ లాంటి సేవలు తమ మ్యాక్‌ల మీద కట్టి ఇస్తాయి. వ్యక్తిగత పేరుతో కొత్తగా గూగుల్ ప్లే ఖాతా తెరిచేవారు యాప్ బయటపెట్టేముందు కనీసం 12 మందితో వరుసగా 14 రోజులు పరీక్ష చేయించాలి. క్లయింటుకు తేదీ చెప్పేముందు ఈ రెండు వారాలు కలుపుకోండి.

అసలు భారం తర్వాతి ఏళ్లలో ఉంటుంది. గూగుల్ ప్రతి ఏడూ కొత్త ఆండ్రాయిడ్‌ను లక్ష్యంగా పెట్టుకోమంటుంది. 2025 నవంబర్ 1 నుంచి ఆండ్రాయిడ్ 15ను గానీ ఆపై వాటిని గానీ లక్ష్యంగా పెట్టుకున్న యాప్‌లు 16 కిలోబైట్ల మెమరీ పేజీలకు (ఫోన్ తన మెమరీని పంచే ముక్కలకు) సరిపోవాలని నిబంధన తెచ్చింది. ఫ్లట్టర్, రియాక్ట్ నేటివ్ తమ ఇంజిన్లను సరిచేసుకున్నాయి. కానీ ఎవరో ఎప్పుడో రాసి వదిలేసిన లైబ్రరీలో సీ ప్లస్ ప్లస్ ముక్క ఒకటి ఉంటే యాప్ అక్కడే ఆగుతుంది. అందుకే ఫ్రేమ్‌వర్క్ ఎంచుకునే ముందు, మీకు తప్పనిసరైన ఐదారు లైబ్రరీల పేర్లు రాసుకుని, ఒక్కొక్కదానికి చివరి వెర్షన్ ఎప్పుడు వచ్చిందో చూడండి. ఏడాదికి పైగా కదలికలేని లైబ్రరీ ఉంటే, ఆ పని మీరే రాసుకోగలరా అని ఆలోచించండి.

నా సలహా

కొత్త యాప్, ముగ్గురు నలుగురి టీమ్, వాడుకరుల్లో అధికభాగం మామూలు ఆండ్రాయిడ్ ఫోన్లవారు, తెర మీద అంతా తెలుగు: ఫ్లట్టర్. మీ టీమ్‌కు రియాక్ట్ బాగా వచ్చి, యాప్‌లో మార్పులు తరచూ ఉండి, విచిత్రమైన పరికరాలేవీ లేకపోతే: ఎక్స్‌పోతో రియాక్ట్ నేటివ్. నడుస్తున్న కోట్లిన్ యాప్ ఉండి, ఐఓఎస్ మనిషి దొరికితే: కోట్లిన్ మల్టీప్లాట్‌ఫామ్. కెమెరాతో గానీ, బరువైన ఆటతో గానీ, వాచీతో గానీ ముడిపడ్డ యాప్ అయితే విడివిడిగా నేటివ్‌లో రాయడానికి వెనకాడకండి.

వీటన్నిటికంటే ముందు, ఐఫోన్ యాప్ అసలు అవసరమా అని అడగండి. మేం డెయిరీకి తిరిగి రాసేటప్పుడు ఆ మాట అడిగాం. కేంద్రాల్లో ఒక్క ఐఫోన్ కూడా లేదు. యజమానికి ఒకటి, మేనేజర్లకు రెండు. వాళ్లు చూసేది రోజువారీ మొత్తాలు, బిల్లులు మాత్రమే. కేంద్రం యాప్‌ను ఫ్లట్టర్‌లో ఆండ్రాయిడ్‌కే చేశాం. రేటు, సవరణ లెక్కను సర్వర్‌కు మార్చి, యజమానికి బ్రౌజర్‌లో తెరుచుకునే పేజీ ఇచ్చాం. నెట్ లేని పూట కేంద్రం ఫోన్ కూడా అదే నియమంతో లెక్క వేసుకుంటుంది, సర్వర్‌తో కలిసినప్పుడు రెండూ సరిపోయాయో లేదో చూసుకుంటుంది.

ఇంకా తేల్చుకోలేకపోతే ఒక వారం కేటాయించండి. మీ యాప్‌లో అన్నిటికంటే కష్టమైన తెర ఒక్కటి తీసుకోండి. మాకైతే అది చీటీ అచ్చువేసే తెర. లాగిన్ తెర తీసుకోవద్దు, అది ఎందులో అయినా బాగానే వస్తుంది. మీకు నచ్చిన రెండు పనిముట్లలో ఆ ఒక్క తెరను రాసి, మీ వాడుకరుల దగ్గరున్న వాటిలో అత్యంత చవక ఫోన్ ఒకటి అడిగి తెచ్చి అందులో వేయండి. ఎండలో, తడి చేతులతో, నెట్ ఆపేసి, "రాష్ట్రం" అనీ "స్త్రీ" అనీ టైప్ చేసి చూడండి.

మేం ఆ పరీక్ష ఓ కేంద్రంలో, సాయంత్రం పాలు పోసే వేళ చేశాం. ప్రింటర్‌లోంచి మొదటి తెలుగు చీటీ వచ్చినప్పుడు అక్కడి ముసలాయన దాన్ని దీపం దగ్గర పట్టుకుని, తన పేరులో వత్తు సరిగ్గా ఉందా లేదా అని ముందు అదే చూశాడు.